ఉట్నూరు బూడిద నుంచి ఉదయసముద్రం దాకా: మన గతాన్ని ఏ వరుసలో చూపించాలి?

2023 జూలై నుంచి నవంబరు దాకా న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ కళ మీద ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 400 వరకు గల కాలానికి చెందిన 125కు పైగా వస్తువులను అక్కడ ఒకచోట చేర్చారు. మన సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద తవ్వకాల్లో బయటపడిన సున్నపురాతి శిల్పాలు వాటిలో ఉన్నాయి. ఆ తర్వాత అదే ప్రదర్శన దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు కూడా వెళ్లింది. తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ ఎరగని ఒక గుట్ట పేరు ఖండాంతరాల్లో గోడల మీద కనిపించిందంటే, ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగిన నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. అయితే ఆ సంతోషంతోపాటే ఒక ప్రశ్న కూడా మనసులో నాటుకుంది. న్యూయార్క్‌లో ఆ శిల్పాలు బౌద్ధ కళ గురించి మాట్లాడాయి. ఆ ప్రదర్శన విషయమే అది కాబట్టి అక్కడ అలాగే మాట్లాడాలి. మరి అవే శిల్పాలు తమ సొంత నేల మీద, తమ సొంత జనం ముందు నిలబడినప్పుడు దేని గురించి మాట్లాడాలి?

నా జవాబు ఇది. దక్షిణ తెలంగాణ గతాన్ని ప్రదర్శించదలచుకున్నవాళ్లు చరిత్రపూర్వ యుగాన్ని ఒక గదిలోనూ, మధ్యయుగాన్ని మరో గదిలోనూ పెట్టి, రెండింటికీ నడుమ రాజవంశాల పట్టికను గోడలాగా నిలబెట్టే పద్ధతిని వదులుకోవాలి. పశువును కాపాడుకోవడం, వాననీటిని నిలుపుకోవడం, రాతిని పనికి తెచ్చుకోవడం అనే మూడు పనులు ఈ మెట్టనేల మీద నాలుగువేల ఏళ్లకు పైగా తెగకుండా సాగుతూ వచ్చాయి. రాజులు ఆ పనుల మీద ఆధారపడి బతికారు, వాటికి పన్ను వేశారు, కొన్నిసార్లు వాటిని గొప్పగా పోషించారు కూడా. కాబట్టి ప్రదర్శన వరుసను ఈ పనులు నిర్ణయించాలి, రాజుల పేర్లు ఆ వరుసలో వచ్చినచోట రావాలి. ఇంకొక మాట: ఆ ప్రదర్శన హైదరాబాద్‌లో కాక నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటేనే దానికి అర్థం పూర్తిగా వస్తుంది.

మన ప్రదర్శనశాలల్లో సాధారణంగా ఏం జరుగుతుందో చూసినవాళ్లందరికీ తెలుసు. లోపలికి అడుగుపెట్టగానే ఒక అద్దాల పెట్టెలో కొన్ని రాతి పనిముట్లు, వాటి పక్కన పాతరాతియుగం, కొత్తరాతియుగం అని రాసిన చీటీలు, ఆ తర్వాత ఒకటో రెండో నలుపు, ఎరుపు రంగుల కుండలు ఉంటాయి. ఆ పెట్టె దాటగానే శాతవాహన నాణేలు వస్తాయి, అక్కడినుంచి ఇక్ష్వాకులు, చాళుక్యులు, కందూరు చోడులు, కాకతీయులు, రేచర్ల పద్మనాయకులు వరుసగా నిలబడతారు. వేల ఏళ్ల మనిషి బతుకు ముందుమాటగా మిగిలిపోయి, రాజు వచ్చిన తర్వాతే అసలు కథ మొదలైనట్టు చూసేవాడికి అనిపిస్తుంది. ఒకసారి మా మేనల్లుణ్ణి అటువంటి ఒక ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాను. వాడు విగ్రహాలన్నీ ఓపికగా చూసి, బయటికి వచ్చేముందు, "మామా, ఇవన్ని దేవుళ్లయే ఉన్నయి గదా, మనుషులయి ఏం లెవ్వా?" అని అడిగాడు. రాతిగొడ్డళ్ల పెట్టె దగ్గరికి వాణ్ణి మళ్లీ తీసుకుపోయి చూపించాను కానీ, వాడి ప్రశ్నకు ఆ పెట్టె సరిపోదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ గొడ్డలి ఏ ఊరి చేనులో దొరికింది, దానితో ఏ చెట్టు నరికారు, అది పట్టినవాడి ఇల్లు ఎలా ఉండేది అన్నవి ఆ చీటీ మీద లేవు. యుగం పేరు మాత్రం ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు మన జిల్లాల్లోనే ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో మక్తల్ వైపు, కృష్ణానదికి ఉత్తరాన, ఉట్నూరు అనే ఊరు ఉంది. (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు.) అక్కడ ఒక బూడిద దిబ్బ ఉండేది. అటువంటి దిబ్బలు నది అవతల రాయచూరు, బళ్లారి ప్రాంతాల్లో కూడా చాలా ఉన్నాయి. 19వ శతాబ్దం నుంచి వాటి గురించి పండితులు రకరకాలుగా ఊహించారు. అది అగ్నిపర్వతం చిమ్మిన బూడిద అన్నవారున్నారు, ఇనుము కరిగించిన చోటు అన్నవారున్నారు, శవదహనాల గుర్తు అన్నవారూ ఉన్నారు. 1957లో ఫ్రాంక్ రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బను పొరపొరగా కోసి చూశాడు. దిబ్బ అడుగున మొద్దులు పాతిన గుంతలు వరుసగా కనిపించాయి. అవి పశువుల దొడ్డి చుట్టూ కట్టిన దడి ఆనవాళ్లు. ఆ దడి లోపల పేడ పేరుకున్నది, పేరుకున్నదాన్ని కాల్చారు, కాల్చిన తర్వాత మళ్లీ దడి కట్టి పశువులను తోలారు, మళ్లీ కాల్చారు. ఆ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు కూడా అలాగే నిలిచి ఉన్నాయి. బొగ్గుకు చేసిన రేడియోకార్బన్ పరీక్షలు ఆ దొడ్డిని క్రీ.పూ. మూడో సహస్రాబ్దికి తీసుకుపోయాయి.

దీని విలువ ఎంతో ఒక్కసారి ఆలోచించాలి. మొహెంజొదారో నగరం నిండుగా బతుకుతున్న కాలానికి కాస్త అటూఇటూగా, మన పాలమూరు నేల మీద ఎవరో రోజూ సాయంత్రం ఆవులను దొడ్డిలోకి తోలుకొచ్చారు. ఆ ఆవులు తొక్కిన అడుగులు మనకు మిగిలాయి. పేడను ఎందుకు కాల్చారన్నదాని మీద పరిశోధకుల్లో ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. ఆల్చిన్ దాన్ని సంక్రాంతి, హోలీ వంటి పండుగల్లో మంటలు వేసి పశువులను వాటి మీదుగా దాటించే ఆచారాలతో పోల్చి, ఏటా రుతువు మారేటప్పుడు జరిపిన తంతు కావచ్చునన్నాడు. అది ఒప్పుకోనివారు వేరే కారణాలు చెప్పారు. ఈ వాదననంతా ప్రదర్శనలో దాచకుండా చూపించాలని నేను అంటాను. చూడటానికి వచ్చిన రైతు తన పెంటకుప్ప గురించి, తన దొడ్డి గురించి, గాలికుంటు వచ్చినప్పుడు పాత పెంటను ఏం చేస్తారన్నదాని గురించి చెప్పగలిగిన మాటలు ఈ చర్చకు పనికివస్తాయి. కాకతీయ శిల్పం ముందు నిలబడిన అదే రైతు దండం పెట్టి ముందుకు పోతాడు. బూడిద పొర ముందు మాత్రం అతనే నిపుణుడు.

ఉట్నూరుకు అంత దూరం కాని ముడుమాల్ గురించి ఇప్పుడు చాలామంది విన్నారు. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డుకు దగ్గరగా 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు సుమారు 80 దాకా, వాటితోపాటు చిన్న రాళ్ల బారులు వేల సంఖ్యలో అక్కడ ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య కె.పి. రావు వీటి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. రాళ్ల బారులకు సూర్యుని ఉదయాస్తమయ దిశలతో సంబంధం ఉందని, ఒక బండ మీద చెక్కిన గుంతలు సప్తర్షి మండలాన్ని చూపిస్తాయని వారు వివరించారు. 2025లో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఊరి జనం మాత్రం ఈ జాబితాల కోసం ఎదురుచూడలేదు. వాళ్లు ఆ రాళ్లను నిలువురాళ్ల తిమ్మప్పగా కొలుస్తున్నారు, ఒక రాయిని ఎల్లమ్మగా పూజిస్తున్నారు. మూడువేల ఏళ్లకు పైబడిన రాళ్లు ఇంతకాలం పొలాల మధ్య నిలిచి ఉన్నాయంటే అందులో ఈ కొలుపు పాత్ర తప్పకుండా ఉంది. ప్రదర్శనలో నక్షత్రాల పటం ఎంత పెద్దగా పెడతారో తిమ్మప్ప జాతర గురించి కూడా అంత శ్రద్ధగా చెప్పాలి. ఒకటి చదువుకున్నవాళ్ల జ్ఞానం, రెండోది చదువులేనివాళ్ల నమ్మకం అని విడదీస్తే, ఆ రాళ్లు ఇంతకాలం ఎలా మిగిలాయో ఎవరికీ అర్థం కాదు.

ఆ నిలువురాళ్లు నిలిపిన తరాలకూ, ఊరూరా రాకాసి గుళ్లని పిలిచే సమాధులు కట్టిన తరాలకూ మొత్తం మీద ఇనుముతో పరిచయం ఉంది. ఇనుప పలుగు, ఇనుప గొడ్డలి చేతికి వచ్చిన తర్వాతే ఈ గట్టినేలను లోతుగా తవ్వడం, కట్ట పోయడం, బండను చీల్చడం పెద్ద ఎత్తున సాధ్యమయ్యాయి అనుకోవడానికి వీలుంది. సమాధిలో దొరికిన ఇనుప పనిముట్టును, మధ్యయుగంలో చెరువు తవ్వించినవారి శాసనాన్ని, ఈనాటి ఒడ్డెరల గడ్డపారను, గుడి పక్క బండ మీద చీల కొట్టిన వరుస గుంతలను ఒకే గోడ దగ్గర పెట్టగలిగితే, చరిత్రపూర్వానికీ మధ్యయుగానికీ మధ్య మనం కట్టుకున్న గోడ దానంతటదే కూలుతుంది. పశువుల కథ కూడా అంతే. ఉట్నూరు దొడ్డి తర్వాత ఆవు మన చరిత్రలోంచి మాయమైపోలేదు. ఊరి పొలిమేరల్లో, ఆంజనేయస్వామి గుళ్ల పక్కన, తుమ్మచెట్ల కింద నిలబడి ఉన్న వీరగల్లుల్లో, అంటే పోరులో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లలో, పశువులను తోలుకుపోతున్న దొంగదండును అడ్డుకొని చనిపోయినవాళ్లవి ఎన్నో ఉంటాయి. ఆ మనిషి ఏ రాజు కాలంవాడన్నది రెండో ప్రశ్న. ఏ మందను కాపాడబోయి చచ్చాడన్నది మొదటి ప్రశ్న.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది. రాజవంశాలు లేకపోతే కాలం ఎలా నిర్ణయిస్తామని చరిత్రకారులు అడుగుతారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. శాసనంలో రాజు పేరు, శకసంవత్సరం లేకపోతే మనకు ఏదీ ఎప్పటిదో తెలియదు. అయితే ఆ శాసనాలు ఏ పనికోసం పుట్టాయో కూడా చూడాలి. నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనాన్నే తీసుకుందాం. కాకతి రుద్రమదేవి ఎప్పుడు మరణించిందో చాలాకాలం ఎవరికీ నిశ్చయంగా తెలియదు. ఓరుగల్లు కోటలో కానీ, వేయిస్తంభాల గుడిలో కానీ ఆ సంగతి రాసి లేదు. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి ప్రకటించిన చందుపట్ల శాసనం వల్ల ఆ విషయం తేలింది. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు, రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకప్రాప్తి పొందారని చెబుతూ, వారికి పుణ్యంగా చందుపట్ల సోమనాథదేవరకు భూమి ఇచ్చిన సంగతిని 1289 నవంబరు 27న ఆ రాతి మీద రాయించాడు. దక్కను చరిత్రలోనే గొప్ప రాణి మరణం గురించిన సాక్ష్యం ఒక పల్లెలో, ఒక సేవకుడు చేసిన భూదానపు రాతి మీద దొరికింది. అంటే మనం రాజుల చరిత్ర అనుకుంటున్నదాని పునాది కూడా పొలం లెక్కల్లోనే ఉంది. ప్రదర్శనలో రుద్రమదేవి బొమ్మ గీసి పెట్టి, పక్కన చిన్న అక్షరాల్లో చందుపట్ల అని రాయడం నాకు సరిగ్గా తోచదు. ముందు ముమ్మడి రాయి రావాలి. ఆ రాతిని చదివినవాడు తానే రుద్రమదేవి దగ్గరికి చేరుకుంటాడు.

నీటి దగ్గరికి వస్తే, నల్లగొండ పట్టణానికి ఆనుకొని ఉన్న పానగల్లుకు మించిన పాఠం మరొకటి లేదు. కందూరు చోడులకు ఇది ఒక రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఇక్కడే ఉన్నాయి. పచ్చల సోమేశ్వరాలయం దగ్గరే జిల్లా పురావస్తు ప్రదర్శనశాల కూడా ఉంది. ఛాయా సోమేశ్వరంలో ఒక గర్భగుడిలోని లింగం మీద పగలంతా నీడ కదలకుండా ఉంటుందన్న విశేషం చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. నేనూ వెళ్లిన ప్రతిసారీ ఆ నీడను చూస్తాను, దాన్ని సాధించిన శిల్పుల లెక్కకు ఆశ్చర్యపోతాను. కానీ ఆ గుడికి దగ్గరలో, 12వ శతాబ్దంలో ఉదయచోడుడు తవ్వించిన ఉదయసముద్రం చెరువు ఉంది, దాని ముందు ఆగేవాళ్లు తక్కువ. ఉదయచోడుడికి కాకతి రుద్రదేవునితో జరిగిన పోరు గురించి 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది కాబట్టి అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఓడిన రాజు మిగిల్చిన చెరువు మాత్రం ఏ అధ్యాయంలోనూ అంతగా కనిపించదు. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని మన పెద్దలు ఎంచారు, కన్నబిడ్డతో సమానంగా లెక్కపెట్టారు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో గుళ్లు కట్టిన రేచర్ల రెడ్లు కూడా చెరువు లేకుండా గుడి నిలబడదని తెలిసినవాళ్లే. గుడిలో దీపం వెలగాలన్నా, నైవేద్యం పెట్టాలన్నా తూము కింద మడి తడవాలి.

ఆ ఉదయసముద్రం ఈనాడు సుమారు ఒకటిన్నర టీఎంసీల నీటిని పట్టే జలాశయంగా పనిచేస్తున్నది. నాగార్జునసాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా కాలువల ద్వారా ఇక్కడికి తెస్తున్నారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషులను కళ్లారా చూసిన జిల్లా మాది. కృష్ణా నీళ్లు కుళాయిలోకి రావడమంటే ఏమిటో మాకు ఎవరూ వివరించి చెప్పనవసరం లేదు. ఆ నీళ్లు వచ్చే దారిలో కందూరు చోడుల కట్ట ఒక మజిలీ. ఇటువంటి కొనసాగింపును చూపించలేని ప్రదర్శన ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే అని నా గట్టి నమ్మకం.

అదే కృష్ణ జలాశయాల కింద మన గతంలో చాలా భాగం మునిగింది కూడా. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు సాగుతుండగానే, 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. పాతరాతియుగపు పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా, ఆ తర్వాతి మధ్యయుగాల దాకా ఒకే లోయలో దొరికిన ఆనవాళ్లను నీళ్లు రాకముందే తవ్వి తీసి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, జలాశయం ఒడ్డునున్న అనుపుకూ తరలించారు. ఆ లోయకు ఎదురుగా నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరంలో మన పురావస్తు శాఖ మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపింది. మహాశిలాయుగపు సమాధుల నుంచి మధ్యయుగపు గుళ్ల దాకా అక్కడా దొరికాయి, ఆ ఊరూ మునిగింది. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు తుంగభద్ర, కృష్ణ కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. ఈర్లదిన్నె గుడిని మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర నిలబెట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లనూ తరలించారు. అలంపురంలోనూ, పిల్లలమర్రిలోనూ ఉన్న ప్రదర్శనశాలల్లో తిరిగేవాడికి తాను చూస్తున్న రాళ్లలో కొన్ని ఇళ్లు కోల్పోయిన ఊళ్ల రాళ్లని తెలియాలి. గుడిని తరలించినప్పుడు ప్రతి రాతికీ అంకె వేసి భద్రంగా తెచ్చారు. ఊరి జనం ఎక్కడెక్కడికి చెదిరిపోయారో అటువంటి లెక్క ఏ ఫలకం మీదా నాకు కనిపించలేదు. ఆ ఊళ్లలో పుట్టి ఇంకా బతికి ఉన్న ముసలివాళ్ల మాటలను రికార్డు చేసి ఆ శిల్పాల పక్కన వినిపించడం ఇప్పుడైతే సాధ్యం. మరో 20 ఏళ్ల తర్వాత సాధ్యం కాదు.

కళాప్రేమికుల ఆక్షేపణ మరొకటి. విగ్రహాన్ని విగ్రహంగా చూడనివ్వకుండా దాని పక్కన పేడ గురించీ, తూము గురించీ చెప్పడం ఎందుకని వారు అనవచ్చు. అలంపురం నవబ్రహ్మాలయాల శిల్పాన్ని, ఫణిగిరి తోరణపు చెక్కడాన్ని ఇష్టంతో చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ అందాన్ని ఎవరూ తగ్గించనక్కరలేదు. కానీ ఫణిగిరిలోనే 2024లో ఒక కుండ నిండా 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. సీసం విలువైన లోహం కాదు. బంగారం దాచుకునేవాడి సొమ్ములాగా కాక, చిన్న చిన్న కొనుగోళ్లలో చేతులు మారే చిల్లరలాగా అవి తోస్తాయి. గుట్ట మీది విహారానికి వచ్చిన భిక్షువుకు, యాత్రికుడికి, కింద ఊరిలోని కుమ్మరికి, నూనె అమ్మేవాడికి మధ్య ఏ లావాదేవీలు జరిగాయో ఆ కుండ అడుగుతున్నది. తోరణాన్నీ, ఆ చిల్లర కుండనూ పక్కపక్కన పెడితే శిల్పం అందం రవ్వంతైనా తగ్గదు, దాన్ని చెక్కించిన డబ్బు ఏ చేతుల్లోంచి వచ్చిందన్న ఆలోచన మాత్రం మొదలవుతుంది.

ఇదేమీ కొత్త దృష్టి కాదు. పాలమూరు గడ్డకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నవాటితో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. ఆ పుస్తకానికే 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంతకుముందే లక్ష్మణరాయ పరిశోధక మండలివారు ఊరూరా తిరిగి తెలంగాణ శాసనాలను సేకరించి అచ్చువేశారు. నల్లగొండ జిల్లాకు చెందిన బి.ఎన్. శాస్త్రి పల్లెపల్లెకూ వెళ్లి శాసనాలు చదివి, ఊళ్ల చరిత్రలు రాస్తూ తన జీవితాన్నంతా దానికే వెచ్చించారు. పుస్తకంలో వీళ్లు చేసిన పనిని ప్రదర్శనశాల గోడల మధ్య చేయడమే మనకు మిగిలింది.

అది ఎక్కడ జరగాలన్న ప్రశ్నకు వస్తాను. 1914లో గులాం యజ్దానీ నాయకత్వంలో నిజాం రాజ్యపు పురావస్తు శాఖ మొదలైనప్పటి నుంచి, 1930లో హైదరాబాద్ మ్యూజియం తెరిచినప్పటి నుంచి, జిల్లాల్లో దొరికిన మేలైన వస్తువు రాజధానికి చేరడం ఆనవాయితీ అయింది. భద్రత కోసమనీ, నిపుణులు అక్కడే ఉంటారనీ చెప్పే కారణాల్లో నిజం ఉంది. విగ్రహాల దొంగలు మన పల్లెగుళ్లను ఎంత దోచుకున్నారో తెలిసినవాళ్లు ఆ మాటను కాదనలేరు. అయితే నేను అడుగుతున్న ప్రదర్శనకు కావలసినవాటిలో చాలావరకు దొంగలకు అక్కరలేనివే. బూడిద దిబ్బ నిలువుకోతను తీసి బిగించిన పలక, శాసనాల మీద కాగితం అద్ది తీసిన అచ్చులు, నిలువురాళ్ల కొలతల పటం, చెరువుల గొలుసు చూపించే నమూనా, ముసలివాళ్ల గొంతులు, ఇవి దేనికీ ఇనుప తలుపు అక్కరలేదు. విలువైన శిల్పాలను సముద్రాలు దాటించి న్యూయార్క్‌కు, సియోల్‌కు క్షేమంగా పంపి తిరిగి తెచ్చుకోగలిగిన శాఖకు, కొన్ని నెలలపాటు వాటిని నల్లగొండకు తేవడం శక్తికి మించిన పని కాదు. 2017లో రాష్ట్రం కొత్త వారసత్వ చట్టం కూడా చేసుకుంది. చట్టం కాపాడుతుంది, కానీ ఊరివాడికి ఆ రాయి మీద మమకారం చట్టం వల్ల రాదు. తన ఊరి పేరు ఫలకం మీద పెద్ద అక్షరాలతో చూసుకున్నప్పుడు వస్తుంది. చేను దున్నుతుంటే దొరికిన కుండను పగలగొట్టి పారేయకుండా తహసీల్దారుకు చూపించాలన్న ఆలోచన ఆ మమకారం వల్లనే పుడుతుంది.

కాబట్టి పానగల్లు ప్రదర్శనశాలలో ఒక గది ఖాళీ చేసి మొదలుపెట్టవచ్చు. గుమ్మం ఎదురుగా ఉట్నూరు పొరల కోత ఉండాలి, దాని పక్కన వీరగల్లు, ఆ పక్కన ముమ్మడి శాసనపు అచ్చు, దాని పూర్తి పాఠం, ఎనిమిదో తరగతి పిల్లవాడు చదివి అర్థం చేసుకోగల నేటి తెలుగులో దాని తాత్పర్యం ఉండాలి. ప్రతి వస్తువు చీటీ మీదా మొదటి వరుసలో ఊరు, రెండో వరుసలో అది ఎలా బయటపడిందన్న సంగతి, మూడో వరుసలో అది ఏ పనికి వచ్చిందన్నది, చివరి వరుసలో రాజవంశం, శతాబ్దం రావాలి. బయటికి వెళ్లే తలుపు దగ్గర ఒక పెద్ద పటం మీద మక్తల్ మీదుగా ముడుమాల్‌కు, నకిరేకల్ మీదుగా చందుపట్లకు, తిరుమలగిరి మీదుగా ఫణిగిరికి ఏ బస్సులు పోతాయో, ఎంత దూరమో, ఊళ్లో ఎవరిని అడిగితే దారి చూపిస్తారో రాసిపెట్టాలి.